మధురవాడ పోర్టికోలో స్విఫ్ట్ లోయర్ ఆర్మ్‌లు, టై రాడ్ ఎండ్‌లు: బిగింపు, క్యాంబర్, టో

అడిగింది ఇది: 2014 స్విఫ్ట్, పెట్రోలు, 82 వేల కిలోమీటర్లు. ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోతున్నాయి. అలైన్‌మెంట్ షాపులో రెండుసార్లు సరిచేసినా నెలలోపే మళ్ళీ అదే తంతు. లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కిందనుంచి ఫ్రేముకి కలిపే చేతులు), టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ రాడ్డుని చక్రానికి కలిపే చివరి జాయింట్లు), లింక్ రాడ్లు, ఒక జత క్యాంబర్ బోల్టులు కొన్నారు. విశాఖ మధురవాడలో ఇంటి పోర్టికోలోనే బిగించుకోవచ్చా, అలైన్‌మెంట్ కూడా అక్కడే చేసుకోవచ్చా అన్నది ప్రశ్న.

బిగించుకోవచ్చు. టో, అంటే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండడం, దాన్ని కూడా ఇంట్లోనే మిల్లీమీటరు తేడాలోపు తేవచ్చు. క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకి వాలిన కోణం) కొలవడం వరకూ చేసుకోవచ్చు. క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలిన కోణం) జోలికి మాత్రం వెళ్ళకండి, ఈ కారులో దాన్ని మార్చే ఏర్పాటే లేదు. వెనక చక్రాలు రెంటినీ కలిపే టార్షన్ బీమ్ కూడా అంతే. అంటే కంపెనీ మీ చేతికి ఇచ్చిన సర్దుబాటు ఒక్క ముందు టో మాత్రమే. మిగతావన్నీ భాగాలు సరిగ్గా ఉంటే వాటంతట అవే సరిగ్గా ఉంటాయి, భాగం వంగినా, ఆర్మ్ కీలు దగ్గరి రబ్బరు బుష్ చిరిగినా పాడవుతాయి. షాపులో రెండుసార్లు చేసినా నిలవకపోవడానికి కారణం కూడా ఇదే అయ్యుండాలి. బుష్‌లో లూజు ఉన్నప్పుడు మెషిన్ మీద నిలబడ్డ కారు ఒక అంకె చూపిస్తుంది, బ్రేకు వేసినప్పుడు చక్రం వేరే చోట ఉంటుంది.

క్యాంబర్ బోల్టుల ప్యాకెట్ ఇప్పుడే విప్పకండి. కొత్త ఆర్మ్‌లు పడ్డాక కొలిచి, అవసరమైతేనే. లోపలి అంచు అరుగుదల అనగానే అందరి అనుమానం క్యాంబర్ మీదకే పోతుంది గానీ, టో బయటికి తిరిగి ఉన్నా లోపలి అంచే అరుగుతుంది, అదీ చాలా వేగంగా. గుర్తుపట్టడం తేలిక. అరచేతిని టైరు మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి రాయండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపపు పళ్ళలా గీరుకుంటే అది టో పని. రెండు వైపులా నున్నగానే ఉండి అంచు మాత్రం వాలుగా తగ్గిపోతే క్యాంబర్‌ని అనుమానించాలి.

విప్పే ముందు ఏది లూజో తేల్చుకోండి. చక్రం గాల్లో ఉండగా గడియారంలో 3, 9 ఉండే చోట్ల చేతులు పెట్టి ఊపితే కదిలేది టై రాడ్ ఎండ్ గానీ లోపలి రాక్ ఎండ్ (అదే రాడ్డుకి స్టీరింగ్ రాక్ వైపున్న జాయింట్) గానీ. 12, 6 దగ్గర ఊపితే కదిలేది బాల్ జాయింట్ లేదా వీల్ బేరింగ్. ఇంకొకరు ఊపుతుంటే మీరు కిందనుంచి ఆ జాయింట్ మీద వేలు పెట్టి చూడండి, టక్కుమనే చోటు వేలికి తెలుస్తుంది. రాక్ ఎండ్ లూజుగా ఉంటే కొత్త టై రాడ్ ఎండ్ బిగించీ లాభం లేదు, అదీ మార్చాలి.

మన ఊళ్ళో అసలు కష్టం తుప్పు. ఉప్పుగాలి ఋషికొండ, భీమిలి వైపు ఉండేవాళ్ళకే కాదు, మధురవాడ దాకా వస్తుంది. టై రాడ్ లాక్ నట్టు, లింక్ రాడ్ నట్టు, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే కాలు) కింది రెండు బోల్టులు, ఈ మూడు చోట్లా మొండికేస్తాయి. పని ఆదివారం అనుకుంటే శుక్రవారం రాత్రే వైర్ బ్రష్‌తో మరలు శుభ్రంగా గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టండి. శనివారం రెండుసార్లు మళ్ళీ కొట్టండి. గీకకుండా కొడితే నూనె పైన ఉన్న మట్టి తాగుతుంది, మరలోకి దిగదు. పనిముట్లలో తప్పనిసరివి: ట్రాలీ జాకీ, రెండు జాక్ స్టాండ్లు, 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల వరకూ పనిచేసే టార్క్ రెంచి, సగం అంగుళం సాకెట్ సెట్టు, రింగు పానాలు, రెండు సుత్తులు, మీటరున్నర గట్టి పైపు. టార్క్ అంకెలు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోవే వాడండి, వేరే ఏడాది స్విఫ్ట్‌వి కాదు.

కారు ఇంకా నేల మీద ఉండగానే రెండు కొలతలు రాసుకోండి. ఒకటి, చక్రం మధ్య నుంచి నేరుగా పైకి ఫెండర్ అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లో, నాలుగు చక్రాలకూ. రెండోది, టై రాడ్ లాక్ నట్టు అంచు నుంచి బాల్ జాయింట్ మధ్య వరకూ దూరం, వెర్నియర్‌తో. మొదటిది ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

హ్యాండ్‌బ్రేకు, గేరు, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు. ముందు భాగం రెండు వైపులా ఒకేసారి లేపి స్టాండ్ల మీద పెట్టండి. ఒక్కవైపే లేపితే ముందు రెండు వైపులనూ కలిపే స్టెబిలైజర్ బార్ మెలితిరిగి, దాన్ని పట్టుకునే లింక్ రాడ్ బిగుసుకుపోతుంది, బోల్టు రాదు. వచ్చినా కొత్తది దాని కన్నంలోకి ఎక్కదు. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మెలు మాత్రం కారు కింద పెట్టొద్దు. సిమెంటు దిమ్మె పగిలేముందు చప్పుడు కూడా చెయ్యదు.

లింక్ రాడ్లతో మొదలుపెట్టండి. నట్టు తిప్పుతుంటే లోపలి స్టడ్డూ దాంతోపాటే తిరుగుతుంది. స్టడ్డు చివర అలెన్ కీ పట్టే గుంట ఉంటుంది, దాంతో పట్టుకుని నట్టుని రింగు పానాతో తిప్పాలి. తుప్పుపట్టినవాటిలో ఆ గుంట గుండ్రంగా అరిగిపోవడం మామూలే. అప్పుడు కుస్తీ పట్టకుండా ఆక్సా బ్లేడుతో కోసెయ్యండి, ఎలాగూ పారేసే రాడ్డే కదా.

తర్వాత టై రాడ్ ఎండ్. లాక్ నట్టుని బాల్ జాయింట్ ఇంకా బిగిసి ఉండగానే పావు చుట్టు వదులు చెయ్యండి. జాయింట్ ఊడాక వదులు చెయ్యబోతే రాడ్డు మొత్తం తిరిగి రాక్ బూట్ (రాక్ చివరి రబ్బరు తొడుగు) మెలిపడుతుంది. బూట్ చిరిగితే నీళ్ళూ ఇసకా నేరుగా స్టీరింగ్ రాక్‌లోకి. అందుకే బూట్ చిన్న క్లిప్పుని కూడా ముందే వదులు చేసి ఉంచండి. స్ప్లిట్ పిన్ తీసి, నట్టుని మర చివర దాకా తెచ్చి వదిలెయ్యండి, పూర్తిగా తియ్యకండి. ఇప్పుడు టై రాడ్ ఎండ్ స్టడ్డు దూరే స్టీరింగ్ ఆర్మ్ కన్నానికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, ఎదురు పక్క ఇంకో సుత్తితో గట్టిగా రెండు మూడు దెబ్బలు. కొట్టాల్సింది కన్నం చుట్టూ ఉన్న ఇనుముని, స్టడ్డుని కాదు. స్టడ్డు టేపర్ (చివరికి సన్నబడే భాగం) ఒక్కసారిగా టప్పున వదులుతుంది, నట్టు ఉండబట్టి కింద పడదు.

పాతది విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టి కొత్తది అన్నే చుట్లు ఎక్కించమని అందరూ చెబుతారు. అది సరిపోదు. కంపెనీది తీసి రానే లాంటి బయటి బ్రాండు పెడుతున్నప్పుడు టై రాడ్ ఎండ్ పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు తేడా ఉండొచ్చు. చుట్లు కాదు, వెర్నియర్ కొలత సమానం చెయ్యండి. కొత్త స్టడ్డు టేపర్‌నీ, కన్నాన్నీ పొడి గుడ్డతో తుడవండి, అక్కడ గ్రీజు రాయకూడదు. ఆ జాయింట్ నిలిచేది పొడి ఇనుము పట్టు మీదే. బిగిస్తుంటే స్టడ్డు తిరిగిపోతే కింద జాకీ పెట్టి టై రాడ్ ఎండ్‌ని కొంచెం పైకి నొక్కిపట్టండి, టేపర్ కరుచుకుంటుంది. క్యాజిల్ నట్టు (పిన్ను కోసం గాట్లున్న నట్టు) టార్క్‌కి వచ్చాక పిన్ను కన్నం ఎదురుగా రాకపోతే ఇంకొంచెం ముందుకే తిప్పాలి. వెనక్కి వదలకూడదు.

లోయర్ ఆర్మ్ దగ్గర జాగ్రత్తలు రెండే. బాల్ జాయింట్ స్టడ్డుని నకుల్ (చక్రం హబ్‌ని మోసే ఇనుప దిమ్మ) చీలిక లోపల పిన్చ్ బోల్టు పట్టుకుని ఉంటుంది. స్టడ్డుకి పక్కన ఒక గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచే పోవాలి. అందుకని బోల్టు నట్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తియ్యాలి. చీలికలో ఉలి దింపి మరీ వెడల్పు చెయ్యకండి, నకుల్ చెవి పగిలితే ఖర్చు వేలల్లోకి పోతుంది. ఆర్మ్ మీద పైపు పెట్టి కిందికి నొక్కితే స్టడ్డు జారి వస్తుంది. రెండో జాగ్రత్త: స్టడ్డు వచ్చాక నకుల్‌ని బయటికి లాగకండి. డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడివస్తుంది, గేరాయిల్ పోర్టికో అంతా. నకుల్‌ని ఒక తాడుతో స్ట్రట్‌కి కట్టి ఉంచండి. కొత్త స్టడ్డు ఎక్కించేటప్పుడు గాడి బోల్టు కన్నానికి ఎదురుగా వచ్చిందో లేదో టార్చి వేసి చూడండి. బోల్టు చేత్తోనే నెమ్మదిగా దూరాలి. సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే స్టడ్డు పూర్తిగా పైకి ఎక్కలేదన్నమాట.

బుష్‌లు మాత్రమే మార్చాలనుకునేవారు ఉంటారు. ఇంట్లో సుత్తితో ఎక్కించకండి, బుష్ బయటి గొట్టం గుడ్డు ఆకారంలోకి పోతుంది. గాజువాక ఆటోనగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్నచోటికి ఆర్మ్ పట్టుకెళ్ళడం నయం. మీరు ఆర్మ్ మొత్తం కొన్నారు కాబట్టి ఆ బాధ లేదు.

ఇంట్లో చేసినవాళ్ళూ, హడావిడిగా చేసే షాపులూ ఎక్కువగా తప్పేది తర్వాతి మెట్టులో. ఆర్మ్‌ని ఫ్రేముకి పట్టే బోల్టులు చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించకూడదు. బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది, అది జారదు, మెలితిరుగుతుంది అంతే. వేలాడుతుండగా బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలిపడి, కారు నిలబడి ఉన్నంతసేపూ అలాగే ఉంటుంది. గోతిలో పడ్డ ప్రతిసారీ ఇంకా మెలిపడుతుంది. కొన్ని నెలల్లో చీలిక, మళ్ళీ టైరు అరుగుదల, "కొత్త ఆర్మ్ నాసిరకం" అని తిట్టు. పైగా మెలిపడ్డ రబ్బరు స్ప్రింగులా తిరిగి తోసి ముందు భాగాన్ని కొంచెం ఎత్తిపెడుతుంది, దాంతో మీరు కష్టపడి పెట్టిన టో మారుతుంది.

అందుకే ఆ బోల్టుల్ని చేత్తో బిగువు వచ్చేదాకా తిప్పి వదిలెయ్యండి. చక్రాలు బిగించి, గట్టి చెక్క దుంగల్ని అడ్డం నిలువుగా పేర్చి, వాటి మీద చక్రాలు ఆనేలా కారు దించండి. నాలుగు చక్రాలూ ఒకే ఎత్తులో ఉంటే మేలు. వెనకే నేల మీద ఉంటే బరువు పంపకం కొంచెం మారుతుంది గానీ బుష్ బిగింపుకి అది చాలు. ముందు భాగాన్ని చేతులతో అయిదారుసార్లు కిందికి నొక్కి వదలండి. ఇప్పుడు చక్రం మధ్య నుంచి ఫెండర్ దాకా కొలత మొదట రాసుకున్నదానికి అయిదు మిల్లీమీటర్ల తేడాలోపు వచ్చిందా? వస్తే పక్కనుంచి పడుకుని టార్క్ రెంచితో బిగించండి. స్టాండ్ల మీదే ఉంచి ఆర్మ్ కింద జాకీ పెట్టి పైకి నొక్కడం కొందరి పద్ధతి. సరైన ఎత్తు వచ్చేసరికి కారు స్టాండ్ మీద నుంచి లేవడానికి సిద్ధంగా ఉంటుంది. దాని కింద పడుకుని రెంచి లాగమని నేను ఎవరికీ చెప్పను.

ఇక కొలత. మన పోర్టికోలు వాన నీళ్ళు పోవడానికి వాలుతో కడతారు. మీటరుకి 10 మిల్లీమీటర్ల వాలు ఉందనుకోండి, కంటికి ఆనదు. చక్రానికీ చక్రానికీ దూరం మీటరున్నర, అంటే ఒకవైపు 15 మిల్లీమీటర్లు కింద. కోణంలో అది 0.57 డిగ్రీలు. నిజంగా రెండు చక్రాల క్యాంబర్ సమానమే అయినా ఒకవైపు అంత ఎక్కువ, రెండోవైపు అంత తక్కువ చూపించి, ఎడమకీ కుడికీ 1.14 డిగ్రీల తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. ఈ అబద్ధపు తేడా నమ్మి క్యాంబర్ బోల్టులు తిప్పినవాళ్ళు తక్కువేం కాదు. ఫోన్‌లో యాంగిల్ యాప్ ఎంత బాగున్నా నేల వాలు దానికి తెలియదు.

మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తెచ్చుకోండి, పారదర్శకమైన గొట్టంలో నీళ్ళు. బుడగ లేకుండా నింపి, నాలుగు చక్రాలు ఆనే చోట్లా నీటి మట్టం గుర్తుపెట్టండి. తక్కువగా ఉన్న చక్రాల కింద విట్రిఫైడ్ టైలు ముక్కలు పేర్చి మట్టం కలపండి. ఒక్కో టైలు దాదాపు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి చాలాసార్లు రెండు ముక్కలతో పని అయిపోతుంది. ముందు చక్రాల కింద రెండేసి టైళ్ళు, వాటి నున్నటి ముఖాలు ఎదురెదురుగా పెట్టి మధ్యలో గ్రీజు రాయండి. షాపులో ఉండే తిరిగే పళ్ళెం పని అవే చేస్తాయి, చక్రం దాని సహజ స్థానానికి జారుతుంది.

క్యాంబర్‌కి రిమ్ పై అంచూ కింది అంచూ తగిలేలా సూటి అల్యూమినియం పట్టీ ఆనించి యాంగిల్ గేజ్ పెట్టండి. గేజ్ లేకపోతే తూకం గుండు దారం వేలాడదీసి, దారానికీ రిమ్ పై అంచుకీ, కింది అంచుకీ మధ్య దూరం స్టీలు స్కేలుతో చూడండి. ఆ రెండు బిందువుల మధ్య 380 మిల్లీమీటర్లు ఉంటే 6.6 మిల్లీమీటర్ల తేడా ఒక డిగ్రీ. రెండు వైపులా మాన్యువల్ హద్దులో ఉండి, ఎడమకీ కుడికీ అర డిగ్రీలోపు తేడా ఉంటే క్యాంబర్ బోల్టుల ప్యాకెట్ తిరిగి ఇచ్చెయ్యండి.

హద్దు దాటితే ముందు వెతకాల్సింది వంగిన భాగాన్ని. ఒక్కవైపే ఎక్కువ తేడా ఉంటే స్ట్రట్ గానీ, నకుల్ గానీ, ఫ్రేము గానీ గోతిలో దెబ్బతిని ఉండొచ్చు. వంగినదాన్ని బోల్టుతో కప్పిపుచ్చడం మంచిది కాదు. కొన్ని షాపుల్లో హైడ్రాలిక్ జాకీ తగిలించి స్ట్రట్‌ని వంచి "క్యాంబర్ కరెక్షన్" చేస్తారు, ఎంత తక్కువకి చేస్తానన్నా ఒప్పుకోకండి. వంగిన చోట రాడ్డు సీలుని ఒకవైపు నొక్కి ఆయిల్ కారడం మొదలవుతుంది.

అన్నీ బాగుండి చిన్న సర్దుబాటే కావాలంటే క్యాంబర్ బోల్టు. అసలు బోల్టు మందం కొలిచి అదే సైజుకి చెప్పిన కిట్టే వాడాలి. దాని నడుము అసలుదాని కన్నా సన్నం, మధ్యలో పక్కకి ఉబ్బిన భాగం ఉంటుంది, అదే చక్రాన్ని వాల్చేది. కిట్టులో రాసినట్టు సాధారణంగా పై కన్నంలో ఒక్కటే వేస్తారు, కింద కంపెనీ బోల్టు అలాగే ఉండాలి. రెండు చోట్లా సన్నవి వేసేస్తే బ్రేకు దెబ్బకి పట్టు జారుతుంది. బిగించే టార్క్ కూడా కిట్టు కాగితంలోదే. కంపెనీ అంకె సన్న బోల్టుకి ఎక్కువైపోవచ్చు. తీసేముందు స్ట్రట్‌కీ నకుల్‌కీ అడ్డంగా పెయింటు గీత గీసి ఉంచండి, వెనక్కి రావాలంటే అదే దారి. క్యాంబర్ సర్దేటప్పుడు బోల్టు తల తిప్పాలి, బిగించేటప్పుడు మాత్రం తల కదలకుండా పట్టుకుని నట్టే తిప్పాలి.

టో చివర్లోనే. క్యాంబర్ కదిపితే టో ఎలాగూ మారుతుంది, ముందు చేసి లాభం లేదు. రెండు మీటర్ల అల్యూమినియం గొట్టాలు రెండు తీసుకుని, రెండింటికీ ఒకే దూరంలో గాట్లు పెట్టండి. ఒకటి ముందు బంపర్‌కి ఎదురుగా, ఒకటి వెనక, చక్రం మధ్య ఎత్తులో స్టూళ్ళ మీద. గాట్లలోంచి గేలం దారం రెండు వైపులా బిగించి లాగండి. ముందు హబ్ మధ్య నుంచి దారానికి దూరం ఎడమా కుడీ సమానం చెయ్యాలి, వెనక హబ్‌లకీ అంతే. ముందుకీ వెనక్కీ అంకె ఒకటే కానక్కర్లేదు, ట్రాక్ వెడల్పులు వేరు. ఈ సర్దుబాటుకే అరగంట పడుతుంది, తొందరపడకండి.

స్టీరింగ్‌ని నిటారుగా పెట్టి కదలకుండా సీటుకి తాడుతో కట్టండి. రిమ్ ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి దూరం చూడండి. ముందు దూరం ఎక్కువైతే చక్రం లోపలికి తిరిగి ఉన్నట్టు, తక్కువైతే బయటికి. రెండు చక్రాల తేడాలూ కలిపితే మొత్తం టో. 14 అంగుళాల రిమ్ మీద 1 మిల్లీమీటరు దాదాపు 10 నిమిషాల కోణం (60 నిమిషాలు ఒక డిగ్రీ). రిమ్ వంకర ఉంటే మోసం చేస్తుంది కాబట్టి కారుని ముందుకి నెట్టి చక్రం సగం చుట్టు తిరిగాక దారాలు మళ్ళీ సర్ది ఇంకోసారి కొలిచి సగటు తీయండి. ఎప్పుడూ ముందుకే నెట్టండి. వెనక్కి నెడితే జాయింట్లలోని కాస్త లూజు అటువైపు వాలి అంకె మారుతుంది.

ఈ కారులో టై రాడ్లు ఇరుసుకి వెనక ఉంటాయి. రాడ్డు పొడవు పెంచితే చక్రం వెనక భాగం బయటికి పోయి ముందు లోపలికి తిరుగుతుంది. ఎంత తిప్పాలో లెక్క ఇలా: మర పిచ్ (ఒక చుట్టుకి జరిగే దూరం) 1.5 మిల్లీమీటర్లు, స్టీరింగ్ ఆర్మ్ పొడవు 130 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక పూర్తి చుట్టు ఆ చక్రం మీద దాదాపు 4 మిల్లీమీటర్లు తెస్తుంది. అంటే పావు చుట్టుకి ఒక మిల్లీమీటరు. ఈ రెండు కొలతలూ మీ కారులో చూసుకుని లెక్క మార్చుకోండి. రెండు వైపులా సమానంగా తిప్పాలి, లేకపోతే స్టీరింగ్ వంకర అవుతుంది. లాక్ నట్టు బిగించేటప్పుడు ఎండ్ కూడా కొంచెం తిరుగుతుంది, దాన్ని రెండో పానాతో పట్టుకోండి. బిగించాక తప్పకుండా మళ్ళీ కొలవండి, చాలామంది ఇక్కడే అరమిల్లీమీటరు పోగొట్టుకుంటారు.

రోడ్డు మీద చూడడానికి బీచ్ రోడ్డు పనికిరాదు, మలుపులూ ఎత్తుపల్లాలూ ఎక్కువ. ఆనందపురం నుంచి పెందుర్తి వైపు ఆరు వరుసల హైవేలో ఖాళీగా ఉన్నప్పుడు 60 వేగంలో వెళ్ళండి. కారు సూటిగా పోతూ స్టీరింగ్ ఎడమకి తిరిగి ఉంటే ఎడమ టై రాడ్డు తగ్గించి, కుడిది అంతే పెంచండి. కుడికి తిరిగి ఉంటే దీనికి తలకిందులు. మొత్తం టో మారదు. కారు ఒకవైపు లాగుతుంటే టో జోలికి పోకుండా ముందు టైర్లు రెండూ ఎడమకీ కుడికీ మార్చి చూడండి. లాగుడు దిశ మారితే తప్పు టైరుది. ఎడమకి కొద్దిగా లాగడం మాత్రం రోడ్డు వాలు వల్ల కూడా ఉంటుంది.

వంద కిలోమీటర్ల తర్వాత విప్పిన ప్రతి నట్టునీ టార్క్ రెంచితో మళ్ళీ చూసి, పెయింటుతో గీత గీయండి. బయటికి కనిపించే మరల మీద గ్రీజు గానీ మైనం స్ప్రే గానీ పూయండి, మళ్ళీ విప్పాల్సిన రోజున శుక్రవారం రాత్రి నుంచే నూనె కొట్టే పని ఉండదు. షాపులో ఒక్కసారి మెషిన్ మీద పెట్టి కాగితం తీసుకోండి, కానీ "సర్దండి" అనొద్దు, "కొలిచి ఇవ్వండి" అనండి. క్యాస్టర్ ఎడమా కుడీ అర డిగ్రీ దాటి తేడా ఉందేమో ఆ కాగితంలోనే తెలుస్తుంది. ఉంటే ఫ్రేము బోల్టుల చుట్టూ, స్ట్రట్ పై మౌంట్‌లోనూ వెతకాలి. ఆ అంకెలు ఇక్కడ పెడితే చూస్తాను.